హద్దు కొలిచిన మెకంజీ, ఊరి కథ రాయించిన మెకంజీ

బెంగళూరులోని మన తెలుగు తరగతుల్లో పావగడ పిల్లలు ఉంటారు, మడకశిర పిల్లలూ ఉంటారు. ఇద్దరి ఇంట్లోనూ తెలుగే. కానీ ఒక ఊరు కర్ణాటక, ఇంకొకటి ఆంధ్రప్రదేశ్. ఈ గీత ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడిగితే, మనం కాలిన్ మెకంజీ కథ చెప్పాలి.

ఆయన స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టారు. 1783లో మద్రాసు వచ్చి, కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా పనిచేశారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు రాజ్యాన్ని కంపెనీ, నిజాం, మైసూరు ఒడెయర్లు పంచుకున్నారు. ఎవరి వంతు ఎక్కడిదాకా అన్నది నేలమీద తేల్చాలి. అప్పటికి అది రెండు రాజ్యాల మధ్య సరిహద్దు. ఆ సర్వే మెకంజీకి అప్పగించారు. దాదాపు పదేళ్లు పట్టింది. కొలిచిన నేల 40,000 చదరపు మైళ్లకు పైనే.

హద్దులు కొలిచి పటం గీస్తే పని అయిపోయేది. కానీ మెకంజీ ఊరి పుట్టుక, చెరువు, గుడి, శాసనం, పాలించిన వంశం అన్నీ రాయించారు. ఆయనకు మన భాషలు సరిగా రావు. ఆ లోటు తీర్చింది ఏలూరు సోదరులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య. కరణాలతో, పూజారులతో, ముసలివాళ్లతో మాట్లాడి వివరాలు సేకరించారు. బొర్రయ్య 1803లో ఇరవయ్యేడేళ్లు నిండీ నిండకుండానే కన్నుమూశారు. పని ఆగలేదు, తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నారు. ఆ రాతలనే మనం ఇవాళ కైఫియతులు అంటున్నాం.

మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1821లో కలకత్తాలో మరణించారు. అప్పటికి ఆయన పోగుచేసిన శాసనాల నకళ్లే 8,076. ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య తర్వాత ముందుకొచ్చారు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. ఒక భారతీయుడు అంత పని నడపగలడని వాళ్లు నమ్మలేదు. పాతికేళ్లు ఆ పని మోసిన మనిషికి దక్కిన జవాబు అది.

ఈ కథ చెప్పేటప్పుడు మనం మెకంజీ పేరు దగ్గరే ఆగిపోకూడదు. బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లు కూడా నల్లబల్ల మీద రాయాలి. ఆ పటం మీద హద్దుకు అటూ ఇటూ వేర్వేరు ప్రభుత్వాలు. కైఫియతుల్లో మాత్రం రెండు వైపులా ఊళ్లు ఉన్నాయి, ఊళ్లవాళ్ల మాట ఉంది.

వేసవి సెలవులకు పిల్లలు ఊరెళ్తారు కదా. అవ్వాతాతలను అడిగి ఊరి పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు అన్నది తెలుగులో ఒక పేజీ రాసుకురమ్మందాం. పావగడ పేజీ, మడకశిర పేజీ ఒకే గోడకు పక్కపక్కన అంటిద్దాం.