పౌలు సహచరుడు తీతు

అపొస్తలుల కార్యముల గ్రంథమును మొదటినుండి చివరివరకు చదివినను తీతు పేరు ఒక్కసారియైనను కనబడదు. బర్నబా, సీల, తిమోతి మన బడిపిల్లలకు సైతము తెలిసినవారు. తీతు సంగతి చెప్పగలవారు తక్కువ. అయినను కష్టమైన పని వచ్చినప్పుడెల్ల పౌలు పంపిన సేవకులలో ఇతడు ముఖ్యుడు. ఇతని జీవితమును పౌలు పత్రికలనుండి ఏరి కూర్చుకొనవలసియున్నది.

తీతు గ్రీసు దేశస్థుడు, అన్యజనులలో పుట్టినవాడు. పౌలు ఇతనిని విశ్వాసమునుబట్టి తన సొంత కుమారునిగా ఎంచెను గనుక, పౌలు బోధవలననే ప్రభువును ఎరిగియుండునని పెద్దలు తలంచుచున్నారు. క్రీ.శ. 50 ప్రాంతమున పౌలును బర్నబాయు యెరూషలేమునకు వెళ్లుచు తీతును వెంటబెట్టుకొని పోయిరి. అన్యజనులలోనుండి వచ్చినవాడు సున్నతి పొందినగాని సంఘములో సమానుడు కాడని కొందరు పట్టుబట్టుచుండిరి. ఆ వాదమంతయు తీతు మీదికి వచ్చెను. అతడు ఆనాడు లోబడియుండినయెడల, తరువాత వచ్చిన అన్యజన విశ్వాసులందరు వాకిట నిలువవలసి వచ్చెడిది. పౌలు వెనుకకు తగ్గలేదు. అక్కడి పెద్దలు తీతును బలవంతపెట్టలేదు. ప్రియులారా, పుట్టుకనుబట్టి ఒక సహోదరుని వెనుక చాప మీద కూర్చుండబెట్టు సంఘము తీతును జ్ఞాపకము చేసికొనవలెను.

కొరింథు సంఘములో తగవులు పుట్టి పౌలు మీదనే కొందరు తిరుగబడిరి. పౌలు కన్నీళ్లు విడుచుచు ఒక పత్రిక వ్రాసెను. దానిని పట్టుకొని పోయినవాడు తీతే అని అనేకుల అభిప్రాయము. పౌలు త్రోయకు వచ్చి, అక్కడ సువార్తకు మంచి అవకాశము దొరికినను, తీతు కనబడలేదని మనశ్శాంతి లేక మాసిదోనియకు దాటిపోయెను. అక్కడ తీతు వచ్చి కలిసికొని, కొరింథువారు పశ్చాత్తాపపడిరనియు, తనను భయభక్తులతో చేర్చుకొనిరనియు తెలిపెను. కలహించిన రెండు ఇండ్ల నడుమకు వెళ్లిన మన సంఘపు పెద్దలకు ఆ పని యెంత బరువైనదో తెలియును. తీతు ఆ బరువు మోసి సంతోషముతో తిరిగి వచ్చెను.

ఆ కాలముననే యెరూషలేములోని బీద విశ్వాసులకొరకు సంఘములు చందా కూర్చుచుండెను. కొరింథులో ఆ పని ఒక సంవత్సరము క్రిందట మొదలుపెట్టబడినను ముగియలేదు. దానిని ముగించుటకు తీతు తన యిష్టముచొప్పున మరల వెళ్లెను. అతనితో మరి యిద్దరు సహోదరులు పంపబడిరి. వారిలో ఒకడు సంఘములు ఏర్పరచినవాడు. కానుకల సొమ్ము విషయములో ఎవరును వ్రేలెత్తి చూపకుండునట్లు పౌలు చేసిన జాగ్రత్త ఇది. నమ్మకస్థుడైన తీతుకే తోడుగా ఇద్దరు అవసరమైనప్పుడు, మన సంఘపు పెట్టె తాళమును లెక్కపుస్తకమును ఒక్కని చేతిలో ఉంచుట తగునా?

తరువాత పౌలు తీతును క్రేతు ద్వీపములో విడిచి వెళ్లెను. అది సుమారు 260 కిలోమీటర్ల పొడవుగల పెద్ద ద్వీపము. అక్కడివారు అబద్ధికులనియు తిండిపోతులనియు వారి సొంత కవియే నిందించియుండెను. లాభాపేక్షగల దుర్బోధకులు కుటుంబములను కలతపెట్టుచుండిరి. పట్టణము పట్టణమునకు పెద్దలను ఏర్పరచి, లోపములను చక్కబెట్టు పని తీతుది. పెద్ద ఎట్టివాడై యుండవలెనో పౌలు వ్రాసి పంపెను. అతని ఆస్తియు వంశమును అడుగబడలేదు. అతని కాపురము, పిల్లల నడవడి, కోపము, త్రాగుడు, ధనాశ, అతిథిసత్కారము విచారింపబడెను. చెడ్డపేరు గల ద్వీపమైనను అందు మంచి పెద్దలు దొరకుదురను నమ్మికతోనే ఆ పని అప్పగింపబడెను.

చలికాలమునకు నికొపొలికి రమ్మని పౌలు పిలిచెను. తుదకు తీతు దల్మతియకు, అనగా నేటి క్రొయేషియా తీరమునకు, వెళ్లినట్లు చూచుచున్నాము. అతడు క్రేతు సంఘములకు అధ్యక్షుడై యుండెనని 4వ శతాబ్దపు చరిత్రకారుడైన యూసేబియసు వ్రాసెను. ఆ ద్వీపమందలి గోర్తినలో తీతు పేర కట్టబడిన ప్రాచీన దేవాలయపు శిథిలములు నేటికిని కలవు. తీతుదని చెప్పబడు తల యెముక 1669లో వెనిసునకు కొనిపోబడి, 1966లో క్రేతుకు తిరిగి వచ్చెను. ఇంత కాలమునకును ఆ ప్రజలు తమ మొదటి అధ్యక్షుని మరువలేదు.

తీతునకు వ్రాయబడిన పత్రికలో 3 అధ్యాయములు, 46 వచనములు మాత్రమే గలవు. దీపము పెట్టినవేళ ఇంటివారందరు కూడి ఒక్క కూర్చుండులో చదువవచ్చును. ఈ నెలలో అట్లు చదివి, మన సంఘములో చక్కబెట్టవలసినది ఏదో, దానికొరకు వెళ్లవలసినవాడు ఎవడో ప్రభువును అడుగుదము. మనలో ఎవరినైనను ఆయన పిలిచినయెడల తీతువలె ఇష్టపూర్వకముగా లేచి వెళ్లుదుము గాక.