ఆ డీల్ పోయినా.. ఆ పద్ధతి పోలేదు!

ఆండ్రాయిడ్ యాప్ చేసేటప్పుడు బటన్‌ని మౌస్‌తో లాగి స్క్రీన్ మీద పెడతారు. దానికో పేరు ఇస్తారు. ఆ పేరును ప్రోగ్రాంతో కలిపే కోడ్‌ను టూలే రాసిపెడుతుంది. ఇదేదో ఈ కాలపు సౌకర్యం అనుకుంటున్నారా? 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ అనే ఇంటి కంప్యూటర్‌కే ఇలాంటి టూల్ ఉండేది. దాన్ని తయారుచేసిన డిజిటల్ రీసెర్చ్ కంపెనీని పెట్టింది గ్యారీ కిల్డాల్. ఉద్యోగ వేటలో ఉన్న మీరు తప్పక తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటెల్‌లో పుట్టారు. లెక్కల టీచర్ అవుదామని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరి, కంప్యూటర్ల వైపు మళ్లారు. 1972లో పీహెచ్‌డీ అందుకున్నారు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో నేవీ అధికారులకు పాఠాలు చెబుతూనే, ఇంటెల్ కొత్త చిప్ 4004ను తెప్పించుకుని ప్రయోగాలు మొదలుపెట్టారు. ఆ చిప్‌ల కోసం యంత్రభాషలో ప్రోగ్రాం రాయడం చాలా శ్రమ. అందుకే ఇంటెల్ కోసం పీఎల్/ఎం అనే సులువైన భాషను రూపొందించారు.

1974లో సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ తయారైంది. అప్పట్లో ఏ కంపెనీ మెషీన్ దానిదే. కిల్డాల్ ఏం చేశారంటే.. హార్డ్‌వేర్‌ని బట్టి మారే భాగాన్ని విడిగా తీసి ఒకచోట పెట్టారు. కొత్త మెషీన్ వస్తే ఆ చిన్న భాగాన్ని తిరగరాస్తే చాలు, మిగతాదంతా అలాగే నడుస్తుంది. మీరు వినే బయోస్ అనే మాట అక్కడ పుట్టిందే.

1980లో ఐబీఎం తన పీసీకి ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఈ కంపెనీ దగ్గరికే వచ్చింది. ఒప్పందం కుదరలేదు. అవకాశం మైక్రోసాఫ్ట్‌కి వెళ్లింది. తర్వాత ఐబీఎం సీపీ/ఎంనూ అమ్మింది కానీ, ధర 240 డాలర్లు. పక్కనే పీసీ డాస్ 40 డాలర్లు! ఎవరు దేన్ని కొంటారో చెప్పక్కర్లేదు కదా.

అయినా కంపెనీ ఆగలేదు. 1985లో లీ లోరెంజెన్ వంటి ఇంజినీర్ల చేతుల మీదుగా జెమ్ అనే గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ వచ్చింది. అటారీ ఎస్‌టీ దాంతోనే నడిచింది. దీనికోసం ఇచ్చిన రిసోర్స్ కన్‌స్ట్రక్షన్ సెట్ అనే టూల్‌లో మెనూలు, డైలాగ్ బాక్సులు స్క్రీన్ మీదే అమర్చుకోవచ్చు. సేవ్ చేస్తే విడివిడిగా ఫైళ్లు తయారవుతాయి. ఒకదాంట్లో తెర రూపం, మరోదాంట్లో ప్రతి బటన్ పేరూ, నంబరూ సీ భాషలో. మెనూలోని ఇంగ్లిష్ మాటల్ని జర్మన్‌లోకి మార్చాలంటే మొదటి ఫైల్ మారిస్తే సరి, ప్రోగ్రాం జోలికి వెళ్లనక్కర్లేదు. మారేదాన్ని విడదీయడం అనే పాత సూత్రమే ఇక్కడా!

1991లో కంపెనీ నోవెల్ చేతికి వెళ్లింది. 1994 జులై 11న, 52 ఏళ్లకే కిల్డాల్ కన్నుమూశారు. 2014లో ఆయన పాత ఆఫీసు దగ్గర ఐఈఈఈ స్మారక ఫలకం పెట్టింది. అది చేజారిన డీల్ గురించి కాదు, సీపీ/ఎం గురించి.

ఒక్క ఆఫర్ పోయిందని మీ నైపుణ్యం పోదు. ఈ వారం మీ ప్రాజెక్ట్ తెరవండి. టూల్ రాసిన ఫైల్ ఏదో, మీరు రాసిందేదో విడిగా గుర్తించండి. రేపు స్క్రీన్ సైజో, భాషో మారితే ఎన్ని ఫైళ్లు మార్చాలో లెక్కపెట్టండి. ఇంటర్వ్యూలో ఆ లెక్క చెప్పగలిగితే, కోడ్ టూల్ రాసినా పని తెలిసింది మీకేనని అవతలివాళ్లకి అర్థమవుతుంది.