బంతి లేనప్పుడు ఆడటం నేర్పిన రహీం సాబ్

కడపలోనో కర్నూలులోనో ఏ స్కూలు గ్రౌండుకు పోయి చూసినా ఇదే తంతు. బంతి ఎటు పోతే పిల్లలంతా అటే గుంపుగా ఉరుకుతారు. బంతి దొరికినోడు ఇంకొకరికి వదలడు. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం ఏళ్ల తరబడి పోరాడింది ఈ అలవాటుతోనే.

1909లో పుట్టిన రహీం ఉస్మానియాలో చదువుకుని బడిపంతులయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది మొదలు 1954 దాకా ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు గెలిచింది.

రహీం సాబ్ కుర్రాళ్లకు విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి. మరి ఎవరికివ్వాలి? మిగతావాళ్లు నిలబడి చూస్తుంటే ఆట అక్కడే ఆగిపోతుంది. కాబట్టి బంతి లేనివాడు ముందే ఖాళీ చూసుకుని పరుగెత్తాల్సిందే. అసలు పాఠం అదే. ఇంకో టోర్నమెంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. అలవాటైన కాలితో ఎవడైనా ఆడతాడు కదా! సికింద్రాబాద్ పేద కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రాలేనంటే సైకిలు అద్దె తానే ఇచ్చి రప్పించుకున్నారు.

1956 నవంబరు 1న కర్నూలు రాజధాని హోదా పోయి హైదరాబాద్‌కు వచ్చింది. సరిగ్గా నెలకు మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు చేరింది. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1962 జకార్తా కథ ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు తెలిసిందే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని వెనక నుంచి తీసి ముందు వరుసలో ఆడించారు. అదే కొరియాతో ఫైనల్. లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో బంగారం మనదైంది.

అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న, 53 ఏళ్లకే ఇంతకాలం చేశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్లీ బంగారం రాలేదు.