కాశీయాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

నేడు హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు రాజమార్గమున మోటారుబండి యెక్కినవారు ఉదయమున బయలుదేరి మధ్యాహ్నమునకు ఆదిలాబాదు చేరగలరు. కామారెడ్డి, సోను వద్ద గోదావరి వంతెన, నిర్మల, మహబూబు ఘాటు, ఇచ్చోడ ఒకదాని వెనుక నొకటి కన్నుల యెదుటికి వచ్చి వెంటనే వెనుకకు జరిగిపోవును. కిటికీ ప్రక్కను కూర్చున్న ప్రయాణికుడు కునికి లేచునంతలో ఒక జిల్లా దాటిపోవును. అడిగినచో అతడు తాను చూచినది ఏమియు చెప్పలేడు.

ఇంచుమించు ఈ దారినే 1830వ సంవత్సరమున, వానకాలమునందు, ఒక పెద్దమనిషి ప్రయాణము చేసెను. స్త్రీలును, నౌకరులును, బోయీలును గల పెద్ద పరివారము ఆయన వెంట నుండెను. ఆయన ప్రతి మజిలీయందును దిగి, చుట్టును చూచి, చూచినదానిని ఆనాడే కాగితముపై పెట్టెను. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్య. దాదాపు రెండు వందల యేండ్ల క్రిందట మన ఉత్తర తెలంగాణము ఎట్లుండెనో తెలిసికొనగోరువారికి ఆయన వ్రాత ఒక దీపము వంటిది.

వీరాస్వామయ్య 1780వ సంవత్సర ప్రాంతమున చెన్నపట్టణమున నియోగి బ్రాహ్మణ కుటుంబములో జన్మించెను. తొమ్మిదవ యేటనే తండ్రి మరణించెను. ఆ కాలమున తండ్రి లేని పిల్లవానికి చదువు దొరకుట సులభము కాదు. అయినను ఆ బాలుడు అధైర్యపడక తెలుగు, అరవములతోపాటు ఇంగ్లీషు భాషను శ్రద్ధతో అభ్యసించెను. పండ్రెండవ యేట జీతము లేని ఉమేదువారుగా కుంఫిణీవారి కచేరీలో ప్రవేశించి పని నేర్చుకొనెను. అక్కడి నుండి మెట్టు మెట్టుగా పైకి వచ్చి, తుదకు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషి యయ్యెను.

ద్విభాషి పని ఎట్టిదో మీరు తెలిసికొనవలెను. న్యాయాధిపతులకు ఇంగ్లీషు వచ్చును. ప్రజల భాష రాదు. వాదికిని, ప్రతివాదికిని, సాక్షికిని తెలుగో అరవమో వచ్చును, ఇంగ్లీషు రాదు. వీరిరువురి నడుమ నిలిచి, ఒకరి మాట మరియొకరికి మార్పు లేక చెప్పువాడే ద్విభాషి. అతడు ఒక్క మాట పెంచినను, ఒక్క మాట తగ్గించినను, ఒకని ఆస్తి పోవచ్చును; ఒకని ప్రాణమే పోవచ్చును. అట్టి స్థానమున వీరాస్వామయ్య నమ్మకము గలవాడని పేరు పొందెను. విన్నది విన్నట్లు, కన్నది కన్నట్లు చెప్పవలెనను నియమము ఆయనకు వృత్తి నేర్పిన విద్య. పిమ్మట యాత్రలో ఆ విద్యయే ఆయనకు తోడుపడినది.

ఆ దినములలో ఐరోపా ఖండమున ధనవంతుల పిల్లలు చదువు ముగిసిన పిదప ఇటలీ దేశమునకు పోవుచుండిరి. రోము, ఫ్లారెన్సు, వెనిస్ నగరములలోని ప్రాచీన కట్టడములను, శిల్పములను, చిత్రపటములను చూచుటయు, ద్రాక్షతోటల పల్లెలలో తిరుగుటయు వారి చదువులో ఒక భాగముగా నుండెను. జర్మను మహాకవి గేటే 1786వ సంవత్సరమున అట్లే ఇటలీకి పోయి, తన దినచర్యను, మిత్రులకు వ్రాసిన లేఖలను ఆధారము చేసికొని తరువాత నొక గ్రంథము వెలువరించెను. మన దేశమున జనులు దేశాటనము చేయలేదని కాదు. కాశికిని, రామేశ్వరమునకును ఎన్నియో వేలమంది నడిచి పోయిరి. కాని తిరిగి వచ్చినవారు తీర్థమును పంచిరే గాని తాము చూచిన దేశమును పంచలేదు. వీరాస్వామయ్య ఆ లోటును తీర్చెను.

ఆయనకు కాశీయాత్ర చేయవలెనను కోరిక కలిగెను. అప్పటికి ఆయన యాబదవ యేటి ప్రాంతమున నుండెను. మంచి ఉద్యోగము, పేరు, స్నేహితులు, ఇల్లు అన్నియు ఉండెను. ఆనాడు మన దేశమున రైలు లేదు. ప్రయాణికుల కొఱకు మొదటి రైలు 1853లో గాని నడువలేదు. పెక్కుచోట్ల బాట యన్నది కాలిజాడయే. ఎండకు ఎండి, వానకు తడిసి పోవలెను. వాంతిభేది సోకినచో మార్గమధ్యముననే దినము తీరును. నాగపురమునకు ఉత్తరమున బాటసారులను నమ్మించి గొంతు బిగించి చంపు ఠగ్గుల భయము ఉండెను. కుంఫిణీవారు వారిని అణచు ప్రయత్నమును అప్పుడే ముమ్మరము చేయుచుండిరి. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యను సామెత ఊరక పుట్టలేదు.

తాను ఒక్కడే యైనచో ఆ భయమును వీరాస్వామయ్య లెక్కచేయక పోవచ్చును. కాని తన్ను నమ్మి వచ్చు వారందరి ప్రాణములకును ఆయనయే పూచీ. అందుచేత ఆయన తొందరపడక అన్ని యేర్పాటులును చేసికొనెను. పై యధికారుల వలన సెలవు పొందెను. దారిలో అడ్డు లేకుండుటకై ప్రభుత్వపు రహదారి పత్రములను సంపాదించెను. డేరాలను, పల్లకీ బోయీలను కూర్చుకొనెను.

బయలుదేరుటకు ముందు ఆయన చేసిన మరియొక యేర్పాటు అన్నింటికంటె గొప్పది. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ యను నాయన వీరాస్వామయ్యకు ప్రాణమిత్రుడు. దారి పొడుగునను తాను చూచిన సంగతులను వ్రాసి ఆ మిత్రునకు పంపుటకు వీరాస్వామయ్య ఒప్పుకొనెను. పది దినములు వ్రాసి విసుగుచెంది మానుట మనకు అలవాటు. ఆయన మాత్రము పదునైదు నెలలకు పైగా ఆ మాటను నిలుపుకొనెను.

1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణము నుండి ప్రయాణము సాగెను. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా పోయి ఆయన హైదరాబాదు చేరెను. చార్మినారు, మక్కామసీదు గల ఆ మహానగరమును, నిజాము ప్రభుత్వపు తీరును ఆయన శ్రద్ధతో పరిశీలించెను. వీధులలో జనులు ఆయుధములు ధరించి తిరుగుట ఆయనకు వింతగా తోచెను. మెచ్చదగినదానిని మెచ్చుటకును, లోపమును లోపమని చెప్పుటకును ఆయన వెనుదీయలేదు.

హైదరాబాదు విడిచి మేడ్చల్, కామారెడ్డి మార్గమున ఉత్తరమునకు సాగి ఆయన గోదావరీ తీరము చేరెను. అది వానకాలము. వంతెన లేదు. పుట్టులు, పడవలే ఆధారము. అట్టి సమయమున పరివారమును నడుపువానికి ప్రతి యేరును ఒక పరీక్షయే. దాటుదమన్నచో ప్రవాహ భయము. ఆగుదమన్నచో తెచ్చుకొన్న తిండి తరిగిపోవును. నల్లరేగడి నేలలో వాన పడినచో పల్లకీ బోయీల అడుగు మోకాటి వరకు దిగబడును. ఆదిలాబాదు ప్రాంతపు పిల్లలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు.

గోదావరి దాటి ఆయన నిర్మల చేరెను. కొండల నడుమ, కోటబురుజులతో, చెరువులతో అలరారు పట్టణమది. అక్కడి నుండి కనుమలెక్కి, దట్టమైన అడవుల గుండ సాగి, ఇచ్చోడ మీదుగా ఎడ్లబాదు చేరెను. నేటి ఆదిలాబాదుకు అప్పటి పేరు అదియే. ఆ పైన పెన్‌గంగ ప్రాంతము దాటినచో తెలుగు పలుకు సన్నగిలి మరాఠీ వినవచ్చును.

ఈ దారిలో ఆయన ఏమి వ్రాసెనో తెలిసికొన్నచో మీకు ఆశ్చర్యము కలుగును. దేవాలయములను గూర్చి మాత్రమే వ్రాసి ఊరకుండలేదు. ఈ యూరికిని ఆ యూరికిని ఎంత దూరము? బాట రాతినేలయా, రేగడినేలయా? నీరు బావిదా, చెరువుదా, వాగుదా? అంగళ్ళు కలవా? బియ్యము, పప్పు దొరకునా? దిగుటకు చావడి గాని చెట్లనీడ గాని ఉన్నదా? ఏ నాణెము చెల్లును? సుంకము ఎక్కడ అడుగుదురు? ఇట్టి ప్రశ్నలన్నింటికిని ఆయన వ్రాతలో జవాబు దొరకును. ఇవి ఆయనకు అక్కరలేని విషయములు. ఎందుకనగా ఆ యూరు ఆయన దాటిపోయెను. ఇవి ఆయన వెనుక వచ్చు బాటసారికి కావలసినవి. ముఖము తెలియని ఆ బాటసారి కొఱకే, అలసిన దేహముతో, డేరాలో కూర్చుండి ఆయన కలము పట్టెను.

నాగపురము, జబ్బలుపురముల మీదుగా ఆయన ప్రయాగ చేరి, పిమ్మట కాశీ క్షేత్రమును దర్శించెను. జన్మమంతయు కోరుకొన్న కాశి కన్నుల యెదుట నిలిచినప్పుడును ఆయన పరిశీలన మందగింపలేదు. భక్తితో గంగాస్నానము చేసెను, శ్రాద్ధాదికములు జరిపెను. అయినను యాత్రికుల నుండి ధనము రాబట్టుటకు అక్కడివారు చేయు నిర్బంధమును గూర్చి దాచక వ్రాసెను. భక్తి యనగా కన్నులు మూసికొనుట కాదని ఆయన నడత తెలుపుచున్నది. గయలో పితృకార్యములు తీర్చుకొని, గంగానదిపై పడవలలో కలకత్తా నగరమునకు పోయెను. అక్కడి నుండి పూరీ జగన్నాథము, గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరముల మీదుగా తూర్పుతీరము వెంట మరలి, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరెను. ఆయన తిరిగిన దూరము రెండు వేల మైళ్ళకు మించినది.

యాత్ర ముగిసినను ఆయన మేలుచేయు గుణము ముగియలేదు. 1832, 1833 సంవత్సరములలో ఘోరమైన కఱవు వచ్చెను. నందననామ సంవత్సరమున వచ్చుటచేత దానిని నందన కఱవని పిలిచిరి. గుంటూరు సీమలో అసంఖ్యాకులు మరణించిరి. బ్రతుకుటకై జనులు ఊళ్ళు విడిచి చెన్నపట్టణపు దారి పట్టిరి. అప్పుడు వీరాస్వామయ్య తన ధనము వెచ్చించి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించెను. ఊరూర జనుల బ్రతుకు చూచి వచ్చినవానికి, తన వాకిటికి వచ్చిన బీదవాడు పరాయివాడుగా తోచడు గదా! చెన్నపట్టణమున హిందూ లిటరరీ సొసైటీ యను విద్యాసంఘమును స్థాపించుటలోను ఆయన శ్రీనివాసపిళ్ళతో కలిసి పనిచేసెను.

1836వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన వీరాస్వామయ్య దివంగతుడయ్యెను. తన యాత్రాచరిత్రమును ఆయన అచ్చులో చూచుకొనలేదు. ఆ కాగితములు చెదలపాలై పోయియున్నచో మనకు ఆయన పేరే తెలిసెడిది కాదు. కాని శ్రీనివాసపిళ్ళ మిత్రధర్మమును మరువలేదు. ఆ వ్రాతను భద్రపరచి, మిత్రుని జీవితమును ముందు చేర్చి, 1838వ సంవత్సరమున అచ్చు వేయించెను. అదియే కాశీయాత్ర చరిత్ర. 1869లో మరల అచ్చయ్యెను. 1941లో దిగవల్లి వేంకటశివరావు ఎంతో శ్రమించి, వివరణలు చేర్చి, దానిని మరల వెలుగులోనికి తెచ్చెను. 1973లో అది ఇంగ్లీషు భాషలోనికి అనువాదమై ప్రచురింపబడెను.

ఆ గ్రంథమున కావ్యభాష లేదు. ఆనాటి చదువుకొన్న తెలుగువారు ఇంట మాటలాడుకొను భాషయే అందున్నది. వాడుకభాషకై గిడుగు రామమూర్తి ఉద్యమము నడుపుటకు దాదాపు ఎనుబది యేండ్ల ముందే, ఎట్టి వాదమును లేక, వీరాస్వామయ్య వాడుకమాటలలో వ్రాసెను. చెప్పవలసినది చెప్పుటయే ఆయన యుద్దేశము. అందువలననే నేటికిని అది చదువరికి సజీవముగా తోచును.

బాలబాలికలారా! వీరాస్వామయ్య రాజు కాడు, యుద్ధములు గెలువలేదు. ఆయన చేసినది రెండు పనులు: నిదానముగా చూచెను, నిజముగా వ్రాసెను. ఆ రెండును మీకును చేతనైనవే. మీ యూరికి దగ్గరనే వేములవాడ రాజేశ్వరాలయము, ధర్మపురి, కాళేశ్వరము, ఎలగందుల కోట, కుంటాల జలపాతము కలవు. కరీంనగరపు కంసాలి వెండితీగతో పూవులల్లుచున్నాడు. నిర్మలలో పొణికి కఱ్ఱ నకాషీవారి చేతిలో చిలుకగా మారుచున్నది. వీనిని చూచుటకు పల్లకీలు అక్కరలేదు. సెలవు పత్రములు అక్కరలేదు. ఈసారి ఎక్కడికైన పోయినప్పుడు ఒక చిన్న పుస్తకమును వెంట తీసికొనిపొండు. చూచినదానిని చూచినట్లు నాలుగు పంక్తులు వ్రాసి, ఒక స్నేహితునకు చూపుడు. అట్టి నాలుగు పంక్తులే కూడి కూడి, ఒకనాడు పోయిన కాలమునకు సాక్ష్యముగా నిలుచును.