నటశేఖరుడు బళ్ళారి రాఘవ

తాడిపత్రి రాఘవాచార్యులు అనిన గుర్తింపగలవారు కొలదిమంది. బళ్ళారి రాఘవ అనిన గుర్తింపని నాటకప్రియులు లేరు. వారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించిరి. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. ఆంధ్రనాటక పితామహులని ప్రసిద్ధికెక్కిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు వారికి మేనమామ. మదరాసులో చదివి, న్యాయశాస్త్ర పట్టమును పొంది, రాఘవగారు బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడిరి. పగలు న్యాయస్థానము, రాత్రి రంగస్థలము. నాటకము వారికి జీవనోపాధి కాదు. అందుచేతనే కాబోలు, ప్రేక్షకుల చప్పట్లకు లొంగవలసిన అవసరము వారికి కలుగలేదు.

ఆ కాలమున బళ్ళారిలో రెండు నాటకసభలు పోటీపడుచుండెను. ధర్మవరమువారిది సరసవినోదినీ సభ. కోలాచలము శ్రీనివాసరావుగారిది సుమనోరమా సభ. కోలాచలమువారు విజయనగర పతనమును గూర్చి రచించిన రామరాజు నాటకములో రాఘవగారు పఠాను రుస్తుం వేషమును ధరించిరి. అది కథానాయకుని పాత్ర కాదు. అయినను నాటకము చూచినవారి మనస్సులలో పఠానుడే నిలిచెను.

నాడు నాటకమనిన పద్యమే. హార్మనీ శ్రుతి అందుకొనగనే నటుడు రాగమునెత్తి గడియసేపు సాగదీయుట, జనము వన్స్‌మోరని కేకవేయుట, చచ్చిపడిన పాత్ర సైతము లేచి మరల పాడుట, ఇవన్నియు మన పల్లెలకు తెలియని వింతలు కావు. తెలుగు నాటకమున పాటలకు, రాగములకు పెద్దపీట వేసినవారిలో ధర్మవరమువారే ముఖ్యులు. ఆ పద్ధతికి ఎదురు నిలిచినవారు వారి మేనల్లుడే యగుట విశేషము. మాట, చూపు, మౌనము, వీనితో రసమును పుట్టింపవలెనే గాని కంఠముతో గాదని రాఘవగారి మతము. తిక్కన సోమయాజి భారతమును చదివినవారెరుగుదురు, దుర్యోధనుడు వట్టి దుష్టుడు గాడు, మానధనుడు. రాఘవగారు అట్టి పాత్రల మనస్సులోనికి దిగి నటించెడివారు. పద్యము వినుటకే వచ్చినవారు కొందరు నిరాశపడిరనుటలో అసత్యము లేదు.

వారు తెలుగుతోపాటు కన్నడ, హిందీ, ఆంగ్ల భాషలలోను నటించిరి. 1927లో దీనబంధు కబీరు నాటకమున వారి నటనను గాంధీమహాత్ముడు తిలకించెను. 1928లో వారు ఇంగ్లండు వెళ్ళి అచ్చటి నాటకశాలలను పరిశీలించి, బెర్నార్డు షాను కలిసికొనిరి.

అయితే వారు చేసిన సాహసములలో పెద్దది వేరొకటి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వారు పట్టుపట్టిరి. స్థానము నరసింహారావుగారి సత్యభామను చూచి మురిసిన కన్నులకు ఈ మాట రుచింపకపోవుట సహజమే. స్థానమువారి విద్య అసామాన్యము, అందు సందేహము లేదు. కాని పురుషుడు ఎంత నేర్చినను అది అనుకరణమే గదా! కులస్త్రీలు రంగమెక్కరాదని పెద్దలు నిందించిరి. ఎక్కిన స్త్రీలు వినవలసివచ్చిన మాటలు రాఘవగారు విన్న మాటలకంటె కఠినమైనవి. అయినను కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులు ముందునకు వచ్చి వారి సరసన నటించిరి. తరువాతి కాలమున మదరాసు ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియైన పి.వి. రాజమన్నారుగారు రచించిన తప్పెవరిది అను సాంఘిక నాటకము ఇట్టి ప్రదర్శనములలో పేరుగాంచినది. అందు రాజులు లేరు, కిరీటములు లేవు. మన యిండ్లలోని మనుష్యులే యున్నారు.

చలనచిత్రములలో వారు నటించినవి మిక్కిలి తక్కువ. 1936లో ద్రౌపదీ మానసంరక్షణమున దుర్యోధనుడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డలో సేద్యగాడు. జమీందారుల దౌష్ట్యమును చూపిన ఆ చిత్రమును, వారి ఒత్తిడివలన కొన్నిచోట్ల ఆడనీయలేదు. 1940లో వచ్చిన చండిక మరియొకటి.

1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవగారు పరమపదించిరి. వారు వాదించి, నటించిన ఆ బళ్ళారి పట్టణముననే వారి పేరిట రాఘవ కళామందిరము వెలసినది.