దొంగకు లొంగని తాళంకప్ప: ఆర్దేశిర్ గోద్రెజ్ జీవితం

ఇంటింటా తలుపుకు వేలాడే తాళంతో పెనవేసుకున్న పేరు గోద్రెజ్. ఆ పేరు నిలబెట్టిన ఆర్దేశిర్ గోద్రెజ్ మొదట న్యాయవాది. 1868లో బొంబాయిలోని పార్సీ కుటుంబంలో జన్మించిన ఆయన 1894లో ఒక కేసు నిమిత్తం జాంజిబార్ వెళ్లారు. తాను నమ్మని విషయాన్ని కోర్టులో నిజమని చెప్పడానికి మనసు ఒప్పుకోలేదు. కేసూ పోయింది, వృత్తీ పోయింది. అంతకు మూడేళ్ల ముందే రాజాబాయి గడియార స్తంభం వద్ద జరిగిన దుర్ఘటనలో భార్య బచూబాయి మరణించారు. ఆయన మళ్లీ వివాహం చేసుకోలేదు.

స్వదేశానికి తిరిగివచ్చి, తండ్రి మిత్రుడు మేర్వాన్‌జీ కామా ఇచ్చిన రూ.3,000 అప్పుతో శస్త్రచికిత్స పరికరాల తయారీ చేపట్టారు. వాటి నాణ్యతకు వంక లేదు. అయితే భారతదేశంలో తయారైనట్లు ముద్ర ఉండాల్సిందేనని ఆయన, వీల్లేదని కొనుగోలుదారు పట్టుబట్టారు. వ్యాపారం మూతపడింది.

నగరంలో దొంగతనాలు పెరిగాయన్న పత్రికా వార్త ఆయన దారి మార్చింది. 1897లో లాల్‌బాగ్‌లోని చిన్న షెడ్డులో తాళాల తయారీ మొదలైంది. మళ్లీ పెట్టుబడి కామాదే. ఆయన బంధువు బాయిస్ భాగస్వామిగా చేరి కొద్దికాలానికే తప్పుకున్నా, సంస్థ పేరులో మాత్రం నేటికీ ఉన్నారు.

లివర్ తాళంలో పలుచని లోహపు రేకులు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. తాళంచెవి పళ్లు ప్రతి రేకునూ దానికి నిర్ణయించిన ఎత్తుకే లేపితే, వాటిలోని గండ్లన్నీ ఒకే వరుసకు వచ్చి గడియ జరుగుతుంది. ఒక్కటి వెంట్రుకవాసి ఎక్కువ లేచినా, తక్కువ లేచినా కదలదు. దొంగ ఒక కడ్డీతో గడియను నెట్టిపట్టి, మరో సన్నని కడ్డీతో రేకులను తడుముతాడు. కోతలో తేడాలుంటే ఏదో ఒక రేకు ముందుగా బిగుసుకుని తన గుట్టు చెప్పేస్తుంది. తర్వాత మరొకటి. బస్తర్‌లోని కొండగావ్ కమ్మరులు ఇనుమును కాల్చి, సాగగొట్టి చేసే దీపస్తంభాల్లో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. వాటి సొగసే అది. తాళానికి మాత్రం ఆ తేడాయే శాపం.

లండన్‌లో దశాబ్దాల పాటు ఎవరికీ లొంగని బ్రామా తాళాన్ని 1851లో అమెరికన్ నిపుణుడు హాబ్స్ 51 గంటలు శ్రమించి తెరిచారు. అలాంటి చరిత్ర ఉన్నా, తన తాళం దొంగచేతికి తెరుచుకోదని ఆర్దేశిర్ హామీ ఇచ్చి అమ్మారు. సాహసమే.

ఆ హామీకి తగిన ఉపాయాలూ ఆలోచించారు. డిటెక్టర్ తాళంలో వేరే తాళంచెవి తిప్పితే ఒక గడియ బయటికి దూకి పడేది. అసలు తాళంచెవితో తప్ప అది వెనక్కి పోదు. ఎవరో ప్రయత్నించారని యజమానికి తెలిసిపోయేది. గోర్డియన్ తాళానికి రెండు తాళంచెవులు. రెండింటితోనూ తెరవవచ్చు కానీ, ఒకదానితో లోపలి అమరిక మారిస్తే రెండోది పనికిరాదు. నౌకరు చేతిలో తాళంచెవి పెట్టక తప్పని ఇళ్లకు ఇంతకంటే ఏం కావాలి? స్ప్రింగులు తరచూ విరిగిపోతున్నాయని గమనించి, అవి లేకుండానే పనిచేసే తాళాన్ని కూడా రూపొందించి పేటెంట్ పొందారు.

ఇనుప బీరువాలు, వెజిటబుల్ నూనెల సబ్బు ఆ తర్వాత వచ్చాయి. తిలక్ నిధికి రూ.3 లక్షల విరాళం ఇచ్చారు. చివరి ఏళ్లలో వ్యాపారాన్ని తమ్ముడు పిరోజ్‌షాకు అప్పగించి, నాసిక్‌లో వ్యవసాయం చేపట్టారు. 1936లో కన్నుమూశారు.