ఎడిసను మహాశయుడు - విద్యుచ్ఛకటము

థామస్ ఆల్వా ఎడిసను పేరు వినగానే మన విద్యార్థులకు విద్యుద్దీపమును, గ్రామఫోనును జ్ఞప్తికి వచ్చును. ఆ రెండింటి కథయు పాఠ్యపుస్తకములలో నున్నదే గావున దాని నిచట విస్తరింపను. నడివయస్సు దాటిన పిదప ఆ మహాశయుడు దాదాపు పదియేండ్లు మఱియొక పనికై పాటుపడెను. గుఱ్ఱము లేక, పొగ లేక, విద్యుచ్ఛక్తిచే నడచు బండికి దగిన బ్యాటరీని నిర్మించుటయే ఆ పని. నేడు హైదరాబాదు వీధులలో విద్యుత్తుతో నడచు ఆటోలను, బస్సులను జూచి యిది నిన్న మొన్నటి వింతయని తలచువారు గలరు. నిజమునకు ఆ బండ్లు పెట్రోలు బండ్లకంటె వెనుక పుట్టినవి కావు.

ఎడిసను 1847 సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదిని అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున మిలాన్ అను చిన్న యూరిలో జన్మించెను. (2023లో సరిగా ఆ తేదినాడే హుస్సేనుసాగరము చెంత విద్యుత్కార్ల అంతర్జాతీయ పందెము జరిగెను. ఎవరును ఎంచి పెట్టిన ముహూర్తము గాకపోవచ్చును గాని, తగినదిగానే యున్నది.) అతడు తలిదండ్రుల యేడుగురు బిడ్డలలో కడపటివాడు. బడిలో చదివినది కొలది మాసములే. తరువాత పూర్వము ఉపాధ్యాయినిగా నుండిన తల్లియే యింట చదువు చెప్పెను. పండ్రెండేండ్ల ప్రాయమున పోర్టు హ్యూరన్, డెట్రాయిటు పట్టణముల మధ్య నడచు రైలులో వార్తాపత్రికలును, మిఠాయిలును అమ్మసాగెను. ఆ బండిలోని సామానుల పెట్టెయందే రసాయన ప్రయోగశాల నమర్చుకొని, అందులోనే 1862లో ఒక చిన్న వార్తాపత్రికను ముద్రించెను. ఒకనాడు భాస్వరము క్రిందపడి నిప్పంటుకొనగా ప్రయోగశాలయు అంతటితో ముగిసెను.

అదే 1862లో ఒక స్టేషను మాష్టరు కుమారుని కదలుచున్న పెట్టెక్రింద పడకుండ రక్షించినందులకు, ఆ తండ్రి కృతజ్ఞతతో ఎడిసనుకు తంతి విద్య నేర్పెను. మన మేడ్చలు మీదుగా మన్మాడు నుండి సికింద్రాబాదు వఱకు హైదరాబాదు-గోదావరి లోయ రైలుమార్గము పడినది పందొమ్మిదవ శతాబ్దాంతమున. ఆ కాలమున రైళ్లు ఒకదాని నొకటి ఢీకొనకుండ నడచుటకు స్టేషనులోని తంతి యంత్రమే యాధారము. ఆ యంత్రమునకు ఆధారము బల్లక్రింద వరుసగా నుంచిన తడి బ్యాటరీలు. ఎడిసనుకు బ్యాటరీతో తొలి పరిచయ మచటనే కలిగెను. లూయిస్‌విల్ పట్టణమున తంతి యుద్యోగిగా నుండగా ఒక రాత్రి ప్రయోగము చేయుచు గంధకామ్లమును ఒలికించెనట. అది నేలపలకల సందులలోనుండి కారి క్రింది గదిలోని యధికారి బల్లను పాడుచేసెను. మఱునాడు ఉద్యోగము పోయెను. ఆమ్లముపై అతనికి ప్రీతి తగ్గుట కిదియే కారణమని చెప్పజాలను గాని, ముందు కథలో ఆమ్లము మఱల వచ్చును.

తరువాతి యిరువది యేండ్లను త్వరగా దాటుదము. 1876లో మెన్లో పార్కు ప్రయోగశాల, 1877లో ఫోనోగ్రాఫు, 1879లో దీపము, 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులో పెర్లు వీధి విద్యుత్కేంద్రము. 1884లో ప్రథమ భార్య మరణించెను. 1886లో మైనా మిల్లరును వివాహమాడెను. ఆమె తండ్రి లూయిస్ మిల్లరు సండేస్కూలు ఉపాధ్యాయుల శిక్షణకై 1874లో షటాక్వా సభలను స్థాపించిన యిరువురిలో నొకడు. చెవుడు గల ఎడిసను ఆమె యరచేతిమీద తంతి సంకేతములు తట్టి వివాహ ప్రస్తావము చేసెనని చెప్పుదురు. ఆమె భక్తురాలు, అతడు మాత్రము ఆలయమునకంటె ప్రయోగశాలకే యెక్కువగా బోవువాడు. ఈ కాలముననే పర్యాయ విద్యుత్ప్రవాహమును నిరసించుచు, తన పక్షము నిలుపుకొనుటకై అతడు చేసిన ప్రచారము గొప్పవానికి దగినది గాదు. అందు అతడు ఓడెను, ఓడుటయే న్యాయము.

ఇక బండి కథ. 1830-40 మధ్య వెర్మాంటు రాష్ట్రపు కమ్మరి థామస్ డావెన్‌పోర్టు చిన్న విద్యుద్యంత్రము చేసి, గుండ్రని పట్టాలమీద బొమ్మబండిని నడిపెను. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లములో ముంచి, మఱల మఱల నింపుకొనదగిన బ్యాటరీని కనిపెట్టెను. 1881లో కామిల్ ఫోర్ దానిని మెఱుగుపఱచెను. ఆ యేటనే పారిసులో గుస్తావ్ ట్రువే విద్యుత్తుతో మూడు చక్రముల బండిని నడిపెను. 1897 నాటికి న్యూయార్కు వీధులలో విద్యుత్తు బాడుగబండ్లు తిరిగెను. 1899 ఏప్రిలు 29న బెల్జియను యువకుడు కామిల్ జెనాట్జీ తూటా యాకారముగల విద్యుత్కారులో గంటకు 105.88 కిలోమీటర్ల వేగమున పోయెను. నేలమీద నడచు కారు గంటకు నూరు కిలోమీటర్లు దాటుట అదియే ప్రథమము. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరివి 1,681, విద్యుత్తువి 1,575, పెట్రోలువి 936 మాత్రమే. పెట్రోలు బండిని చేతితో మర తిప్పి బయలుదేఱించవలెను. ఆ మర వెనుకకు తన్ని చేతులు విఱుగగొట్టుటయు గలదు. కంపు, చప్పుడు సరేసరి. విద్యుత్తు బండి మీట నొక్కిన కదలును.

అయినను చిక్కొకటి యుండెను. 1895లో మదరాసున నడచిన ట్రామునకు విద్యుత్తు పట్టాలవెంట అందుచుండెను గావున ఆ బండికి మోత లేదు. కారునకు అట్లు గాక, తన విద్యుత్తును తానే మోయవలసివచ్చెను. శామీర్‌పేట చెరువును తలచుకొనుడు. వాననాటి నీరు కట్టవెనుక నిలిచి యెండకాలమున పొలమునకు వచ్చును. నింపుకొను బ్యాటరీయు నట్టిదే; విద్యుత్తును రసాయన రూపమున నిలిపి, కావలసినప్పుడు వదలును. కాని యెద్దుబండిపై చెరువును మోసికొనిపోవలెనన్న, నీటికంటె కట్ట బరువే యెక్కువైనచో నేమి చేయుదుము? సీసపు బ్యాటరీ గతి యిదియే. సీసము బరువైన లోహము. దానికి తోడు ఆమ్లము రేకులను తినివేయుచుండును. విద్యుత్తు తీసివేసి అట్లే యుంచినచో రేకులపై గట్టి పొర కట్టి బ్యాటరీ చెడును. కుదుపులకు రేకులమీది ముద్ద రాలిపోవును.

ఎడిసను సీసమును, ఆమ్లమును రెంటిని విడువ నిశ్చయించెను. క్షారద్రవములో ఇనుమును ఒక రేకుగను, నికెలు భస్మమును మఱియొక రేకుగను ఉంచెను. ఇచట ద్రవము మారదు. ప్రాణవాయువు ఒక లోహమునుండి మఱియొక లోహమునకు పోయివచ్చుచుండును. క్షారము ఉక్కును తినదు గావున పాత్రయు ఉక్కుదే కావచ్చును. 1901లో ఎడిసను బ్యాటరీ సంస్థ నేర్పడెను. నికెలు గనులను వెదకుచు కెనడాలోని సడ్‌బరీ వఱకు స్వయముగా వెళ్లెను. వ్యాపారము మొదలైనది, పత్రికలు పొగడెను, బండ్లవారు కొనిరి. అంతలో పాత్రల యతుకులు కారజొచ్చెను. నికెలులో కలిపిన గ్రాఫైటు పొడి పట్టు తప్పి, నానాటికి బ్యాటరీ బలము తగ్గసాగెను. అమ్మినవి కొన్ని బాగుగనే పనిచేయుచుండినను, అతడు ఊరకుండలేదు. కర్మాగారమును మూసి, చెడిన వాటిని వెనుకకు తీసికొని, మఱల మొదటినుండి యారంభించెను. అప్పటి కతని ప్రాయము ఏబది యేడు దాటెను. దీపమువలన వచ్చిన పేరంతయు ఈ డబ్బాలలో మునిగిపోవునేమో యని మిత్రులు శంకించియుందురు.

తరువాత వేలకొలది ప్రయోగములు జరిగెను. కుదిరిన మార్గము వినుటకు చిత్రముగా నుండును. గ్రాఫైటునకు బదులు నికెలు రేణువులను వాడదలచిరి. అవి పువ్వురేకులకన్న పలుచనివి కావలెను. ఒక స్తంభముపై రాగిపొర, దానిపై నికెలుపొర, మఱల రాగి, మఱల నికెలు, ఇట్లు విద్యుత్తుతో పూతలు పెట్టి, పిమ్మట రాగిని కరగించివేయగా నికెలు పొరలు మాత్రమే విడివిడిగా మిగులును. ఈ రేణువులను, నికెలు భస్మమును చిల్లుల ఉక్కుగొట్టములలో వందలకొలది పొరలుగా మార్చిమార్చి కూరిరి. ద్రవములో కొంత లిథియము క్షారము కలుపగా బలము మఱింత నిలిచెను. తయారైన బ్యాటరీలను యంత్రములపై కుదిపిరి. మేడపైనుండి క్రిందికి పడవేసిరి. 1909లో క్రొత్త బ్యాటరీ వెలువడెను. ఈసారి అది కారలేదు.

న్యాయముగా నిచట మఱియొకని పేరు చెప్పవలెను. స్వీడను దేశీయుడు వాల్డెమార్ యుంగ్నర్ (1869-1924) ఎడిసనుకు ముందుగనే, 1899 ప్రాంతమున, నికెలుతో క్షార బ్యాటరీలను చేసెను. నికెలు-కాడ్మియము బ్యాటరీ యతనిదే. ఇరువురికిని పేటెంటు వ్యాజ్యములు నడచెను. ధనబలము, పేరు ఎడిసనువైపున నుండెను. అమెరికనులు వ్రాసిన చరిత్రలలో యుంగ్నరుకు చోటు తక్కువ. అది సరిగాదని నా యభిప్రాయము. నికెలు, ఇనుముల రసాయన చిహ్నములను గలిపి స్వీడనువారు పెట్టిన 'నైఫ్' అను పేరు మన శామీర్‌పేటకు గూడ వచ్చినది. ఇచట కర్మాగారములు గల హెచ్.బి.ఎల్. బ్యాటరీ సంస్థ 1977లో స్థాపింపబడి, కొంతకాలము హెచ్.బి.ఎల్. నైఫ్ అను పేరుతో నడచెను. యుంగ్నరు నాటి నికెలు-కాడ్మియము బ్యాటరీలను ఆ సంస్థ రైల్వేలకును, ఇతర పరిశ్రమలకును చేసినది.

బ్యాటరీ కుదిరెను, కాని కాలము నిలువలేదు. డెట్రాయిటు ఎలక్ట్రిక్ అను బండిని మైనా ఎడిసనును, హెన్రీ ఫోర్డు భార్య క్లారాయును నడుపుచుండిరి. పెట్రోలు బండ్ల రాజైన ఫోర్డు ఇల్లాలికి విద్యుత్తు బండియే యింపయ్యెను! ఆ ఫోర్డు 1896లో ఎడిసను విద్యుత్సంస్థలో నింజనీరుగా నుండి, ఒక విందులో తన పెట్రోలు బండి సంగతి చెప్పగా, ఎడిసనే ప్రోత్సహించి పంపెను. 1908లో ఫోర్డు టి-మాడలు వచ్చెను. 1912 నాటికి పెట్రోలు కారు 650 డాలర్లకు దొరకుచుండగా, విద్యుత్కారు వెల 1,750 డాలర్లుగా నుండెను. ఆ యేటనే చార్లెస్ కెటరింగు కల్పించిన విద్యుత్ స్టార్టరు కాడిలాకు కారులో వచ్చి, చేతిమరను తొలగించెను. పెట్రోలు బండికి గల పెద్దలోపమును విద్యుత్తే తీర్చి, విద్యుత్తు బండినే వెనుకకు నెట్టినదన్నమాట. స్టార్టరునకు ఒక్కసారిగా పెద్ద ప్రవాహము కావలెను. అది ఎడిసను బ్యాటరీ యీయజాలదు, సీసపుదే యిచ్చును. చలిలోను ఎడిసను బ్యాటరీ మందగించును. 1914లో ఫోర్డును ఎడిసనును కలిసి చౌకయగు విద్యుత్కారును తెత్తురని ప్రకటన వెలువడెను గాని, ఆ కారు విపణికి రాలేదు. 1914 డిసెంబరులో వెస్టు ఆరెంజిలోని అతని కర్మాగారములలో పెక్కు భవనములు తగులబడెను. 1916 జనవరిలో ఎడిసను బ్యాటరీలమర్చిన ఇ-2 అను జలాంతర్గామిలో హైడ్రోజను వాయువు పేరుకొని ప్రేలగా కొందరు మరణించిరి. ఆ బ్యాటరీలను నౌకలలోపల వాడుటకు గల యపాయ మప్పుడు తేటపడెను.

అయినను ఆ బ్యాటరీ పనికిరానిది గాలేదు. రైలుపెట్టెల దీపములకు, సంకేతములకు, గనిలోని పనివాని నెత్తిదీపమునకు, సరుకుబండ్లకు దశాబ్దముల తరబడి వాడిరి. ఏండ్లతరబడి మూలబడినను, నీరు పోసి నింపగనే మఱల పనిచేయుట దాని సుగుణము. కారుకొఱకు పుట్టినది కారు తప్ప మిగిలిన చోట్ల బ్రతికెను. ఎడిసనుకు జీవితపు చివరి భాగమున లాభము తెచ్చిన వాటిలో నిదియు నొకటి.

1931 అక్టోబరు 18వ తేదిని వెస్టు ఆరెంజిలోని స్వగృహమున, ఎనుబదినాలుగవ యేట, ఎడిసను మరణించెను. అప్పటికి అమెరికా వీధులలో విద్యుత్కార్లు మిక్కిలి యరుదైపోయెను. అతని బ్యాటరీలు మాత్రము అమెరికాలో 1975 వఱకు తయారగుచుండెను.